కింది పొర రాయి

మధులత ఎమ్మెస్సీలో జియాలజీ తీసుకున్నప్పుడు సనత్‌నగర్‌లో వాళ్ళ గల్లీ వాళ్ళకు అదేం చదువో అర్థం కాలేదు. ఆమె తండ్రి రాజనర్సయ్య అక్కడి చిన్న కార్ఖానాలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. ఎవరైనా అడిగితే "రాళ్ళ సదువు" అని చెప్పి ఊరుకునేవాడు. అప్పటికే అమీర్‌పేటలో రోడ్డు దాటితే చాలు, చేతిలో కరపత్రాలు కుక్కేవారు. జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్స్. "అందరు గటు పోతుంటే నువ్వు గుట్టలల్ల తిరుగుతనంటవేందే" అని తల్లి రుద్రమ్మ సణిగేది. మధులత వినేది కాదు. దానికి కారణం సూర్యనారాయణ సారు.

ఆయన కాలేజీలో ప్రొఫెసరు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పంజగుట్టలో స్థిరపడ్డ మనిషి. మొదటి క్లాసులోనే జేబులోంచి ఒక రాయి తీసి బల్ల మీద పెట్టాడు. పొట్టేలు కొమ్ములా చుట్టలు చుట్టుకుని, పక్కటెముకల్లా గట్లు తేలిన రాయి. ఎవరో నత్తగుల్ల అన్నారు. ఎవరో సాలగ్రామం అన్నారు.

"దేవుడి గదిలో పెట్టుకునేవాళ్ళకు సాలగ్రామం. మనకు అమ్మోనైట్," అన్నాడాయన. "ఇది సముద్రంలో బతికిన జంతువు. దీంట్లో ఎన్నో రకాలు. ఒక్కో రకం కొద్ది కాలమే బతికి, సముద్రాలన్నిటా పాకి, అంతరించిపోయింది. అందుకే ఏ పొరలో ఏ రకం దొరికిందో తెలిస్తే ఆ పొర వయసు చెప్పొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఎక్కడ దొరికిందో తెలియని అమ్మోనైట్ వట్టి రాయి. షోకేసులో పెట్టుకోవాలి, అంతే."

ఆ రోజు నుంచి మధులతకు వేరే ధ్యాస లేదు. క్లాసు అయ్యాక ఆయన గదిలోనే కూర్చుని, భూతద్దం కింద రాళ్ళ మీది సన్నని గీతలను కాగితం మీద గీసుకునేది. గుల్ల లోపలి గదుల గోడలు పైకి తేలిన చోట ఆ గీతలు కొత్తిమీర ఆకు అంచుల్లా మెలికలు తిరుగుతాయి. వాటిని బట్టే రకం తెలుస్తుంది. రెండో ఏడు వచ్చేసరికి ఆయన చెప్పకముందే ఆమె చెప్పగలిగేది.

"నీ కళ్ళు మంచివే," అనేవాడాయన. "భాషే బాగుపడాలి. 'చూసిన' కాదమ్మా, 'చూశాను'. రేపు నిన్ను సెమినార్లకు తీసుకెళ్తే నా పరువు పోతుంది."

క్లాసులో అందరూ నవ్వేవారు. మధులత సుత నవ్వేది. మెచ్చుకున్న నోరే తిట్టింది కదా అని సర్దుకునేది.

సూర్యనారాయణ పేరంతా ఒంగోలు వైపు వేములబండ అనే ఊరి గుట్టల మీద నిలబడి ఉంది. అక్కడ రెండు పొరలు. కింద ఎర్ర ఇసుకరాయి, పైన బూడిదరంగు మెత్తటి పలకరాయి. పై పొరలో అమ్మోనైట్లు బోలెడు దొరికేవి, దాని వయసు మీద తగాదా లేదు. కింది పొరలో ఒక్కటీ దొరకలేదు. అయినా అది పైదాని కన్నా చాలా పాతదని, జురాసిక్ కాలానిదని ఆయన వ్యాసం రాశాడు. ఆ వ్యాసంతోనే ప్రొఫెసరయ్యాడు. తర్వాత రాసినవాళ్ళంతా దాన్నే ఎత్తి రాశారు.

చివరి ఏడాది ఆ గుట్టలకు తీసుకెళ్ళినప్పుడు మధ్యాహ్నం అందరూ బస్సు దగ్గర అన్నాలకు కూర్చున్నారు. మధులత ఒక్కతే వెనకబడింది. ఒక రైతు చేనులో కొత్తగా గుంట తవ్వించాడు. గుంట గోడలో రెండు పొరలూ కత్తితో కోసినట్టు స్పష్టంగా కనబడుతున్నాయి. కింది ఎర్ర పొరలో, మోకాలంత ఎత్తున, ఒక గుండ్రటి అంచు ఆమె కంటబడింది. సుత్తీ ఉలీ పెట్టి మెల్లగా చుట్టూ తొలిచింది. అరచేతిలో పట్టేంత అమ్మోనైట్ బయటికొచ్చింది. చుట్టల సందుల నిండా ఎర్ర ఇసుకరాయి గట్టిగా అతుక్కుని ఉంది. గట్ల మీద వరసగా మొటిమల్లాంటి బుడిపెలు చూడగానే ఆమె రకాన్ని గుర్తుపట్టింది. ఆ రకం జురాసిక్‌లో లేదు. ఆ తర్వాతి క్రిటేషస్‌లోనే పుట్టింది. అంటే దాన్ని కడుపులో దాచుకున్న కింది పొర కూడా క్రిటేషస్‌దే. సారు రాసింది తప్పు.

ఆయనకు కోపం వస్తుందని ఆమెకు తోచనే లేదు. సంతోషపడతాడనుకుంది. బస్సులో ఎవరికీ చూపించకుండా ఒళ్ళో పెట్టుకుని వచ్చి, మర్నాడు పంజగుట్టలో ఆయన ఇంటికి పోయింది. ఆయన భార్య అరుణాదేవి కాఫీ ఇచ్చింది. సూర్యనారాయణ కిటికీ దగ్గర భూతద్దం పెట్టి రాయిని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"కింది పొరలోదేనా?"

"అవు సార్. నేనే తవ్వి తీసిన. గీ సందులల్ల సూడుండ్రి, ఎర్ర ఇసుకరాయి."

ఆ రోజు ఆయన భాష దిద్దలేదు. "ఉంచి వెళ్ళమ్మా. వైవా రోజు తెస్తాను," అన్నాడు.

మధులత సంతోషంగా వచ్చేసింది.

వైవా రోజు బయటి నుంచి ఇద్దరు పరీక్షకులు వచ్చారు. తోటి విద్యార్థులు వెనక బెంచీల్లో కూర్చున్నారు. మధులత తాను తీసిన రాయి గురించి, కింది పొర వయసు గురించి చెప్పింది. పరీక్షకులు ముందుకు వంగారు. "ఏదీ, రాయి?" అన్నారు.

సూర్యనారాయణ గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. రాయి మెరిసిపోతోంది. చుట్టల సందుల్లో ఒక్క ఎర్ర రేణువు లేదు. సూదులతో గీకి, ఆసిడ్‌తో కడిగి, కొత్త గిన్నెలా తోమి పెట్టాడు.

"కింది పొరదని రుజువేదమ్మా?" అన్నాడు ఒక పరీక్షకుడు.

మధులత సారు వంక చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"సార్... ఎర్రది ఉండె కదా సార్. మీరు సూసిండ్రు కదా."

"ఏముండె?" అన్నాడాయన, ఆమె యాసలోనే. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. "మధులతా, పై పొర నుంచి గుంటలోకి జారిపడిన రాయిని ఏరుకొచ్చావు. తెలియక చేసి ఉంటే అమాయకత్వం అనుకుందును. కానీ గైడు మీదికే ఎక్కి పేరు తెచ్చుకుందామని చూశావు. సైన్స్‌లో దీన్ని మోసం అంటారు. ఆ మాట నేను అనను. ఆడపిల్లవి. రేపు పెళ్ళి కావాలి."

పాస్ చేశారు, అత్తెసరు మార్కులతో. రీసెర్చి సీటు ఆశ అక్కడితో పోయింది. వేరే ఊళ్ళో ప్రయత్నించినా ఆ మోసం మాట ఆమె కన్నా ముందే అక్కడికి చేరి ఉంది. రాజనర్సయ్య ఏం జరిగిందని అడగలేదు. "పోనీ తియ్ బిడ్డా. ఫికర్ చెయ్యకు. కంప్యూటర్ నేర్సుకో" అన్నాడు. అమీర్‌పేటలో మెట్ల మీద సుత జనం కూర్చునే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మధులత టెస్టింగ్ కోర్సులో చేరింది. బేగంపేటలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. ఆ పనిలో ఆమెకు మంచి పేరు వచ్చింది.

ఏళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం పంజగుట్ట మందుల షాపులో అరుణాదేవి కనబడి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మధులతవు కదూ? సారు నిన్నే తలుచుకుంటున్నారమ్మా. షుగర్ వచ్చి చూపు పూర్తిగా పోయింది. ఆ రాళ్ళన్నీ మ్యూజియం వాళ్ళు తీసుకుంటామన్నారు. సర్ది, రకాలు చెప్పి ఇవ్వాలిట. చదివి చెప్పే దిక్కు లేదు. మిగతా పిల్లలందరూ సాఫ్ట్‌వేరులోకి పోయారాయె. 'రాళ్ళు తెలిసింది ఆ ఒక్క పిల్లకే' అన్నారు. ఆదివారాలు మాత్రం వస్తావా?"

వద్దని చెప్పాలనే అనుకుంది. కానీ అన్నేళ్ళుగా అమ్మోనైట్‌ను చేత్తో ముట్టుకోలేదు. వస్తానంది.

సూర్యనారాయణ చిక్కి సగమయ్యాడు. ఆమె అడుగుల చప్పుడుకి మొహం అటు తిప్పి, "రామ్మా, కూర్చో" అన్నాడు, మొన్ననే క్లాసు అయినట్టు. గది నిండా చెక్క ట్రేలు. ప్రతి రాయి మీదా తెల్ల రంగు చుక్క, దాని మీద నల్ల సిరాతో ఊరు, పొర, తీసినవారి పొడి అక్షరాలు, పైన చెరిగిపోకుండా వార్నిష్. ఆయన కాగితాలను నమ్మేవాడు కాదు, చెదలు పడతాయని. ఏదైనా రాయి మీదే రాసేవాడు.

పని ఇట్లా సాగేది. ఆమె ఒక రాయి ఆయన చేతిలో పెడుతుంది. ఆయన వేళ్ళతో గట్లు తడిమి రకం చెబుతాడు. ఆమె రాతను చదివి, రకం ప్రకారం ట్రేలో సర్దుతుంది. ఊరు వినగానే ఆయన మొహం వెలిగేది. "అది తీసిన రోజు వాన. జీపు దిగబడింది" అనేవాడు. లేదా "దాని కోసం తేలు కుట్టించుకున్నాను" అనేవాడు. మధులతకు తెలియకుండానే నవ్వు వచ్చేది. మూడో ఆదివారానికి ఆమె తొందరగా తయారవడం, వద్దన్నా వచ్చే ఆ ఉత్సాహం చూసి రుద్రమ్మ "గంత చేసినోని ఇంటికి గిట్ల ఉరుకుతవేందే" అంది. మధులత చెప్పులు తొడుక్కుంది. మర్చిపోవచ్చేమో అనిపిస్తోంది ఆమెకు.

ఆ ఆదివారమే ట్రే అడుగున ఆ రాయి కనబడింది. బుడిపెల వరస, అరచేతిలో పట్టే సైజు. తెల్ల చుక్క మీద చక్కటి దస్తూరీ: వేములబండ, పై పొర, సూ.నా.

ఆమె దాన్ని ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు బుడిపెల మీద ఆగాయి.

"ఏం రాసుంది?" అన్నాడు.

"వేములబండ. పై పొర. సూర్యనారాయణ."

"ఆఁ. అదే."

"గిది నేను తీసింది సార్."

వంటింట్లో కుక్కరు కూత వేసి ఆగింది. సూర్యనారాయణ రాయిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరు తీశారన్నది రాయికి పట్టదమ్మా."

"ఎక్కడ తీసిండ్రన్నది పడతది కద. మీరే చెప్పిండ్రు. గది సుత మార్చిండ్రు."

"ఏం చెయ్యమంటావు?" ఆయన గొంతులో తడబాటు లేదు. "లేత్ పనివాడి కూతురు, భాష రాని పిల్ల, ఒక రాయి పట్టుకొచ్చి నా జన్మంతా తప్పు అంటే, అవునని తలూపమంటావా? అయినా నీకేం నష్టమైంది? ఆ రోజు నేను అలా చెయ్యకపోతే నువ్వూ నాలాగే రాళ్ళు మోసుకుంటూ ఉండేదానివి. ఇప్పుడు బేగంపేటలో ఏసీలో కూర్చున్నావు. నిజానికి నువ్వే నాకు థాంక్స్ చెప్పాలి."

తమాషాగా అన్నాడేమోనని ఆమె ఆయన మొహంలోకి చూసింది. తమాషా కాదు. ఆ మాటను ఆయన మనసారా నమ్ముతున్నాడు.

"తర్వాతది ఇవ్వు," అన్నాడు.

ఆమె తర్వాతది ఇచ్చింది.

ఆ వారం మధులత అమీర్‌పేటలో గాజులూ క్లిప్పులూ అమ్మే దుకాణంలో గోళ్ళ రంగు చెరిపే మందు సీసాలు కొన్నది. పక్కన మందుల షాపులో దూది కట్ట. ఆదివారం ఆయన ఎదురుగా ఎప్పటిలాగే కూర్చుంది. ఒక రాయి తీసుకుని, రాత చదివి, దూదితో ఒత్తి తుడిచింది. వార్నిష్ కరిగింది. సిరా కరిగింది. తెల్ల చుక్క దూదికి అంటుకుని వచ్చేసింది. రాయిని ఆయన చేతిలో పెట్టింది. ఆయన రకం చెప్పాడు. మాయమైన రాతను ఆమె గట్టిగా చదివి వినిపించింది.

"ఏంటి, ఏదో వాసన?" అన్నాడాయన.

"గోళ్ళ రంగు సార్. జర ఎక్కువైంది."

"బాగా సంపాదిస్తున్నావన్నమాట," అని నవ్వాడు.

తర్వాతి ఆదివారాలన్నీ అట్లాగే గడిచాయి. కచ్ నుంచి తెచ్చినవి, తిరుచిరాపల్లి వైపు నుంచి తెచ్చినవి, వేములబండవి, పేర్లు తెలియని వాగుల్లోవి. చదివిన ట్రేలను కూడా మళ్ళీ తెరిచి తుడిచింది. మొదట్లో ఒక్కో రాయికీ చాలాసేపు పట్టేది. తర్వాత అలవాటైంది. ఆయన జీపు కథ చెబుతుంటే ఆ కథ తాలూకు రాయినే తుడిచేది. తన రాయి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగింది. పై పొర అన్న అబద్ధాన్ని తీసేసి కింది పొర అని రాయొచ్చు. రాస్తే ఎవరు నమ్ముతారు? దాన్నీ తుడిచింది. అరుణాదేవి ఉప్మా తెచ్చిపెట్టి, "మా ఆయన మొహంలో ఇంత కళ చూసి ఎన్నాళ్ళైందో తల్లీ" అంది. మధులత చేతులు కడుక్కుని ఉప్మా తిన్నది.

మ్యూజియం నుంచి అభిలాష్ అనే యువకుడు వచ్చాడు. జియాలజీ చదివి, ఆ చదువులోనే ఉండిపోయిన కొద్దిమందిలో ఒకడు. సూర్యనారాయణ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మధులత గోడవార కుర్చీలో ఉంది.

అభిలాష్ మొదటి ట్రే తెరిచాడు. రెండోది తెరిచాడు. ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పాడు.

"సార్, వీటి మీద ఏం రాసి లేదు."

"సరిగ్గా చూడవయ్యా. తెల్ల చుక్క ఉంటుంది."

"లేదు సార్. దేని మీదా లేదు."

సూర్యనారాయణ చెయ్యి చాచాడు. అభిలాష్ రాయి ఇచ్చాడు. ఆయన గోరుతో రాయంతా గీకి చూశాడు. ఇంకోటి అడిగాడు. ఇంకోటి. రకం వెంటనే చెబుతున్నాడు. ఏ ఊరు, ఏ పొర అంటే పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఒకే రకం నాలుగైదు చోట్ల నుంచి తెచ్చాడాయె.

"మధులతా," అన్నాడు. "చదువమ్మా."

"ఏం లేదు సార్, చదువుటానికి."

ఆయన మొహం ఆమె వైపు తిరిగింది. గోళ్ళ రంగు వాసన అప్పుడు ఆయనకు అర్థమైనట్టుంది. అరవలేదు. చేతిలోని రాయిని మాత్రం వదల్లేదు. అభిలాష్ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు, ఏమీ తెలియక.

"బాధ పడకుండ్రి సార్," అన్నాడు చివరికి. "మంచి మంచివి కొన్ని తీసుకపోతం. బడి పిల్లలు వస్తరు కద, చేత్తో పట్టుకొని చూస్తరు. రీసెర్చికైతే పనికిరావు." ఓదార్పుగా ఉంటుందని ఇంకో మాట కూడా అన్నాడు. "మీ వేములబండ పేపరు ఉంది కద సార్, గది చాలు. గా గుట్టలు చదును చేసి ప్లాట్లు పెట్టిండ్రు. ఇగ ఎవరూ తవ్వలేరు. కింది పొర జురాసిక్ అని మీరు రాసింది కాదనేటోడు ఇగ పుట్టడు."

మధులత కుర్చీ అంచు పట్టుకుంది. బేగంపేట వైపు దిగుతున్న విమానం మేడ మీదుగా పోయింది, కిటికీ అద్దాలు అదిరాయి. ఆయన తప్పును తప్పని చెప్పగల ఒకే ఒక్క రాయి ట్రేలో ఉంది. దాని మీద అబద్ధం రాసి ఉన్నన్నాళ్ళూ, అబద్ధమని నిలదీయడానికైనా వీలుండేది. తన చేత్తోనే దాన్ని వట్టి రాయిని చేసింది.

తర్వాతి వారం అరుణాదేవి ఫోన్ చేసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. "అన్నం ముట్టడం లేదమ్మా. నిన్ను పిలవమంటున్నారు. ఒక్కసారి రావూ?"

మధులత వెళ్ళింది. మ్యూజియం వాళ్ళు ఏరుకోగా మిగిలిన రాళ్ళు ఒక ట్రేలో ఉన్నాయి. సూర్యనారాయణ పడక్కుర్చీలో ఉన్నాడు. తిడతాడని సిద్ధపడి వచ్చింది. తిట్టలేదు. చెయ్యి చాచాడు. ఆమె ఒక రాయి ఆయన చేతిలో పెట్టింది.

"చదువు," అన్నాడు.

"ఏం లేదు సార్."

రాయిని పక్కన పెట్టి మళ్ళీ చెయ్యి చాచాడు.

"చదువు."

"ఏం లేదు సార్."

అట్లా ఒక్కొక్కటే. ఆమె లేచి పోవచ్చు. అయినా ఇంకో రాయి అందించింది. ప్రతిసారీ "ఏం లేదు" అని చెప్పించుకుని, విని, రాయిని పక్కన పెట్టాడు. వంటింట్లోంచి అరుణాదేవి తొంగి చూసి, ఇద్దరూ మళ్ళీ పనిలో పడ్డారనుకుని సంతోషంగా లోపలికి పోయింది.

బుడిపెల రాయి చేతికి వచ్చింది. బడి పిల్లలకు చూపడానికి అది అంత అందంగా లేదని వదిలేసి పోయినట్టున్నారు. ఆయన వేళ్ళు ఆగాయి. ఈసారి చదవమనలేదు.

"వేములబండ," అన్నాడు. "కింది పొర. తీసింది మధులత."

"గిప్పుడు చెప్పి ఏం లాభం సార్?"

"ఏమీ లేదు," అన్నాడు సూర్యనారాయణ, చూపు లేని కళ్ళు ఆమె మీదే నిలిపి. "లాభం ఉంటే చెప్పేవాణ్ణి కాదు. తర్వాతది ఇవ్వు."